కంపెనీలో ‘ర్యాప్’ పని మీ మీద పడితే: ఆస్ట్రేలియాలో సయోధ్య ప్రణాళిక రాసే, నడిపే పద్ధతి

ఆస్ట్రేలియాలో ఓ మోస్తరు కంపెనీలో పనిచేసే తెలుగువాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ మెయిల్ వస్తుంది: ‘మన కంపెనీ ర్యాప్ తయారు చేస్తోంది, వర్కింగ్ గ్రూపులోకి ఎవరొస్తారు?’ ర్యాప్ అంటే రికన్సిలియేషన్ యాక్షన్ ప్లాన్. ఆ దేశపు మూలవాసులైన ఆబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ ప్రజలతో సయోధ్య కోసం కంపెనీ ఏం చేస్తుంది, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు అన్నది రాసి బయటపెట్టే పత్రం. 2006లో మొదలైన ఈ పద్ధతిని రికన్సిలియేషన్ ఆస్ట్రేలియా అనే సంస్థ నడుపుతోంది. బ్యాంకుల నుంచి గనుల కంపెనీల దాకా, విశ్వవిద్యాలయాల నుంచి క్రికెట్ ఆస్ట్రేలియా దాకా అన్ని రకాల సంస్థలూ ఇందులో ఉన్నాయి.

చాలాచోట్ల దీని భాగోతం ఒకటే. కవర్ మీద ఆబొరిజినల్ శైలి చుక్కల బొమ్మ, లోపల సీఈవో గారి సందేశం, మే నెలాఖరున ఒక మార్నింగ్ టీ. మళ్లీ ఏడాది దాకా దాని ఊసెత్తేవాళ్లుండరు. అలా కాకుండా నిజంగా పని జరగాలంటే ఏది ముందు, ఏది వెనక చేయాలో చెప్పడానికే ఈ వ్యాసం. నా మటుకు నేను ర్యాప్‌లో రాసే ప్రతి వాక్యాన్నీ మూడు ప్రశ్నలు అడుగుతాను. దీనికి డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది? జరగకపోతే ఎవరిని నిలదీయాలి? అవతలివాళ్లు వద్దంటే మనం ఆగుతామా? మొదటి రెండూ ఎలాగో ఒప్పించవచ్చు. మూడోది మాత్రం పెద్ద సార్లకు ఓ పట్టాన మింగుడుపడదు.

1. ముందు మీ ఆఫీసు ఎవరి నేల మీద ఉందో కనుక్కోండి

మూలవాసుల సంస్కృతి, చరిత్రలను అధ్యయనం చేసే ప్రభుత్వ సంస్థ ఐయాట్సిస్ వేసిన ఆస్ట్రేలియా మూలవాసుల మ్యాప్ ఆన్‌లైన్‌లో ఉంది. 250కి పైగా భాషలున్న దేశం కాబట్టి రంగురంగుల ముక్కలుగా కనిపిస్తుంది. అది మొదటి మెట్టుకు పనికొస్తుంది, అంతే. సరిహద్దులకు దాన్ని ప్రమాణంగా తీసుకోవద్దని ఆ మ్యాప్ మీదే రాసి ఉంటుంది. రెండో మెట్టు స్థానిక సంస్థను అడగడం. న్యూ సౌత్ వేల్స్‌లో 1983 నాటి భూహక్కుల చట్టం కింద ఏర్పడిన లోకల్ ఆబొరిజినల్ ల్యాండ్ కౌన్సిళ్లు ఉన్నాయి. సిడ్నీ పడమటి వైపు చాలా భాగం డీరబ్బిన్ కౌన్సిల్ పరిధిలోకి వస్తుంది. విక్టోరియాలో 2006 వారసత్వ చట్టం కింద ‘రిజిస్టర్డ్ ఆబొరిజినల్ పార్టీ’లు ఉంటాయి. వీటి పొట్టి పేరు కూడా ర్యాపే! మెల్‌బోర్న్ ఆఫీసుల మెయిళ్లలో ఈ రెండూ కలగాపులగమై తమాషాలు జరుగుతుంటాయి. మొదటిసారి వాడినప్పుడు పూర్తి పేరు రాయండి.

మెల్‌బోర్న్‌లో ఇంకో చిక్కుంది. వురుంజెరి, బునరోంగ్ ప్రజల ప్రాంతాల మధ్య గీత నగరం మీదుగానే పోతుంది. దాన్ని 2021 జులైలో అధికారికంగా సవరించారు. అంతకుముందు తయారైన మెయిల్ సంతకాలూ, రిసెప్షన్ దగ్గరి ఇత్తడి పలకలూ కొన్నిచోట్ల తప్పుపేర్లతో అలాగే ఉండిపోయాయి. ఒకసారి చూసుకోండి.

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగమంటాను. కారణం ఉంది. ఆస్ట్రేలియాలో తెలుగు మాట్లాడేవాళ్లు 2021 జనాభా లెక్కల నాటికే 59 వేలకు పైగా ఉన్నారు. సిడ్నీలో మనవాళ్లు గుంపుగా ఉండే చోట్లలో బ్లాక్‌టౌన్ చుట్టుపక్కలు ఒకటి. ఆ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే అక్కడ ఇల్లు కొనుక్కున్నవాళ్లు కూడా తెల్లముఖం వేస్తారు. గవర్నర్ మాక్వారీ 1814లో ఆబొరిజినల్ పిల్లల కోసం పర్రమట్టాలో ‘నేటివ్ ఇన్‌స్టిట్యూషన్’ అనే బడి ఏర్పాటు చేశాడు. పిల్లల్ని తల్లిదండ్రులకు దూరంగా ఉంచి ‘నాగరికుల్ని’ చేయడం దాని ఉద్దేశం. 1823లో ఆ బడిని నురాజింజీ, కోల్‌బీ అనే ఇద్దరు ఆబొరిజినల్ మనుషులకు మాక్వారీ ఇచ్చిన భూమికి దగ్గరగా తరలించారు. ఆ చోటును తెల్లవాళ్లు నల్లవాళ్ల ఊరనే అర్థంలో పిలవడం మొదలుపెట్టారు, అదే ఊరి పేరుగా నిలిచింది. బడి ఉన్న స్థలం 2018లో తిరిగి ఆ ప్రాంతపు మూలవాసులైన ధారుగ్ ప్రజల చేతికొచ్చింది. రిచ్‌మండ్ రోడ్డు మీద రోజూ కారులో వెళ్లేవాళ్లు దాని పక్కనుంచే పోతుంటారు.

మీ ఆఫీసు ఉన్నచోట కూడా ఇలాంటి కథ ఒకటి తప్పకుండా ఉంటుంది. స్థానిక లైబ్రరీలో చరిత్ర విభాగం చూసేవాళ్లను అడగండి, సంతోషంగా తీసి చూపిస్తారు. దేశచరిత్ర మొత్తం చెప్పే గంట స్లైడ్ల కంటే, కారు పార్కింగ్ పక్కన జరిగినదాన్ని చెప్పే పది నిమిషాలు సిబ్బందికి బాగా ఎక్కుతాయి.

2. ఆఫీసులో వచ్చే రెండు ప్రశ్నలకు జవాబులు సిద్ధం చేసుకోండి

మొదటిది: ‘ఎప్పుడో రెండొందల ఏళ్ల కిందటి గొడవ ఇప్పుడెందుకు?’ రెండొందల ఏళ్ల కిందటితో అది ఆగలేదు కాబట్టి. ప్రభుత్వాలూ మిషన్లూ ఆబొరిజినల్ పిల్లల్ని ఇళ్లలోంచి తీసుకుపోవడం 1970ల దాకా సాగింది. ఆ తరాలనే ‘స్టోలెన్ జనరేషన్స్’ అంటారు. దానిపై విచారణ నివేదిక 1997లో వచ్చింది. ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. అలా తీసుకుపోయిన పిల్లల్లో చాలామంది ఇంకా బతికే ఉన్నారు. వాళ్లలో ఒకరు మీ పక్క సీట్లో కూర్చునే మనిషికి అమ్మ కావచ్చు. బ్రిటిష్‌వాళ్లు వచ్చేనాటికి ఈ నేల ఎవరిదీ కాదన్న వాదాన్ని హైకోర్టు (అక్కడ దేశ అత్యున్నత న్యాయస్థానం అదే) కొట్టేసింది కూడా 1992 జూన్ 3న, మాబో కేసులోనే. టోరెస్ స్ట్రెయిట్‌లోని మెర్ దీవికి చెందిన ఎడీ మాబో పదేళ్లు కోర్టులో పోరాడి, తీర్పు రావడానికి కొద్ది నెలల ముందే కన్నుమూశాడు.

రెండోది మనవాళ్లే అడుగుతారు, అదీ తెలుగులో, లంచ్ టేబుల్ దగ్గర: ‘మనం మొన్న మొన్న వచ్చినవాళ్లం, మనకేం సంబంధం?’ దీనికి నేనిచ్చే జవాబు ఇది. నేరం మన మీద ఎవరూ మోపడం లేదు. ఇది కంపెనీ ఇచ్చే మాట, అందులో జీతం తీసుకునేవాళ్లు ఆ మాట నిలబెట్టే పనిలో ఉంటారు. ఈ తగాదా మనకు కొత్తదీ కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతర కంపెనీలకు గనుల లీజులివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో చెప్పింది విశాఖ ఏజెన్సీ గురించే. పోలవరం ముంపు గ్రామాల్లో గ్రామసభ తీర్మానాలు ఎన్ని వివాదాలకు దారితీశాయో చదివినవాళ్లకు, ‘సంప్రదించాం’ అనే మాటకూ ‘ఒప్పుకున్నారు’ అనే మాటకూ మధ్య ఎంత దూరముందో వేరే చెప్పక్కర్లేదు.

2023 అక్టోబర్ 14న జరిగిన ‘వాయిస్’ రెఫరెండం సంగతి కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. 60 శాతం దాకా వద్దన్నారు కదా, ఇంకా ర్యాప్ ఎందుకంటారు. ఆ ఓటు రాజ్యాంగంలో ఒక సలహా మండలిని చేర్చడం గురించి. మీ కంపెనీ ఎవరి దగ్గర సరుకు కొంటుంది, ఎవరికి ఉద్యోగమిస్తుంది అన్నదాని మీద ఎవరూ ఓటేయలేదు. ఇంతకుమించి వాదనలోకి దిగొద్దు.

3. స్థాయి: చిన్నదానితో మొదలుపెట్టండి

ర్యాప్‌లో నాలుగు రకాలున్నాయి: రిఫ్లెక్ట్, ఇన్నోవేట్, స్ట్రెచ్, ఎలివేట్. మొదటిది ఏడాది, ఏడాదిన్నరలో ఇల్లు చక్కబెట్టుకోవడానికి. ఇన్నోవేట్ రెండేళ్ల పని. స్ట్రెచ్‌లో అంకెలతో కూడిన లక్ష్యాలు తప్పనిసరి. ఎలివేట్ దేశస్థాయిలో ఇతరులకు దారి చూపేవాళ్లకు. పోటీ కంపెనీకి స్ట్రెచ్ ఉందని మీ మేనేజ్‌మెంట్ నేరుగా అక్కడికి ఎగరాలనుకోవచ్చు. ఒప్పుకోకండి. రిఫ్లెక్ట్‌లో రాసుకున్నవి పూర్తి చేయడమే చాలా కంపెనీలకు తలప్రాణం తోకకొస్తుంది.

మూస పత్రం రికన్సిలియేషన్ ఆస్ట్రేలియా ఇస్తుంది. సంబంధాలు, గౌరవం, అవకాశాలు, నిర్వహణ అని నాలుగు భాగాలుంటాయి. డ్రాఫ్టు పంపితే వాళ్లు చదివి మార్పులు చెబుతారు. ఒకటికి రెండుసార్లు తిరిగొస్తుంది, నొచ్చుకోవద్దు. ఆ తర్వాతే ఆమోదం, లోగో. కాబట్టి బోర్డు మీటింగులో ప్రారంభోత్సవం తేదీ ముందే ప్రకటించేయకండి.

4. కమిటీలో ఎవరుండాలి

హెచ్‌ఆర్ వాళ్లు, మార్కెటింగ్ వాళ్లు అడక్కుండానే వస్తారు. మీరు పట్టుబట్టి తీసుకురావాల్సింది కొనుగోళ్ల విభాగం మనిషిని, అకౌంట్స్ మనిషిని. వీళ్లిద్దరూ లేని కమిటీ పోస్టర్లు మాత్రమే తయారు చేస్తుంది. పైన ఒక పెద్ద అధికారి పేరు ఉండాలి. ఆయన లేదా ఆవిడ ఏడాది పనితీరు లెక్కలో ర్యాప్ ఒక అంశంగా ఉంటే పని నడుస్తుంది, లేకపోతే నడవదు.

కంపెనీలో ఒకరో ఇద్దరో ఆబొరిజినల్ సిబ్బంది ఉంటే అందరి చూపూ వాళ్ల మీదే పడుతుంది. కమిటీకి వాళ్లే, ఉపన్యాసానికి వాళ్లే, ఫొటోకీ వాళ్లే. దీన్ని అక్కడ ‘కల్చరల్ లోడ్’ అంటారు. వాళ్ల అసలు ఉద్యోగం పేరోల్ కావచ్చు, టెస్టింగ్ కావచ్చు. అడగండి, ‘వద్దు’ అనే వీలు నిజంగా ఉంచి అడగండి. వస్తామంటే ఆ గంటలను పని గంటలుగానే లెక్కకట్టండి. ఎవరూ లేకపోతే, లేదా రానంటే, బయట నుంచి సలహాదారులను పిలిచి ఫీజు ఇవ్వండి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుకు గంటకింత అని మారుమాట్లాడకుండా ఇచ్చే కంపెనీలే ఇక్కడ మాత్రం ‘కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం’ అంటాయి.

5. పెద్దలను కలవడం, పిలవడం

‘వెల్కమ్ టు కంట్రీ’ వేరు, ‘ఎక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ కంట్రీ’ వేరు. మొదటిది ఆ నేలకు చెందిన సంప్రదాయ సంరక్షకులు మాత్రమే చెప్పగలిగే స్వాగతం. వేరే ప్రాంతపు ఆబొరిజినల్ మనిషి కూడా చెప్పకూడదు. రెండోది ఎవరైనా చెప్పవచ్చు, మీరైనా సరే. చెప్పేటప్పుడు కాగితం చూసి గడగడా అప్పజెప్పకండి. ఆ ప్రజల పేరు పలకడం ముందే నేర్చుకుని, ఈ మీటింగుకూ ఈ నేలకూ ఉన్న సంబంధం ఒక్క ముక్క సొంతంగా చెబితే చాలు. రోజుకు నాలుగు జూమ్ కాల్స్‌లో నాలుగుసార్లూ చదవక్కర్లేదని నా అభిప్రాయం. విని విని జనం ఆ సమయానికి ఫోన్ చూసుకుంటున్నారు.

పెద్దలను చాలాచోట్ల ‘ఆంటీ’, ‘అంకుల్’ అని పేరుకు ముందు చేర్చి గౌరవంగా పిలుస్తారు. మీరు కలిసిన మొదటి నిమిషంలోనే అనేయకండి, ఎలా పిలవమంటారో అడగండి. స్వాగతానికి ఫీజు ఉంటుంది, రాకపోకల ఖర్చు వేరే. ఇక్కడే కంపెనీలు పరువు పోగొట్టుకుంటాయి. కార్యక్రమం అయిపోయాక వెండర్ ఫారం పన్నెండు పేజీలది పంపి, ఏబీఎన్ (వ్యాపార నమోదు) నంబరు అడిగి, ఇన్సూరెన్స్ పత్రం అడిగి, డబ్బు రెండు నెలల తర్వాత వేస్తారు. కార్యక్రమానికి మూడు వారాల ముందే అకౌంట్స్‌తో కూర్చుని, ఇలాంటి చెల్లింపులకు ఒక పేజీ ఫారం, అదే వారం చెల్లింపు అనే పద్ధతి పెట్టించండి. ర్యాప్‌లో రాసే మొదటి పని ఇదే అయినా తప్పులేదు.

తేదీల సంగతి. నేషనల్ రికన్సిలియేషన్ వీక్ మే 27 నుంచి జూన్ 3 దాకా. ఆబొరిజినల్ ప్రజలను జనాభా లెక్కల్లో చేర్చడానికి దేశం ఓటేసిన 1967 రెఫరెండం రోజుతో మొదలై మాబో తీర్పు రోజుతో ముగుస్తుంది. జులై మొదట్లో మూలవాసుల సంస్కృతి వేడుకైన నైడాక్ వీక్. ఈ రెండు వారాల్లో స్థానిక పెద్దలకు ఊపిరి సలపదు, దేశంలో ప్రతి కంపెనీకీ అప్పుడే గుర్తొస్తారు మరి. మీ పరిచయాన్ని ఆగస్టులోనో అక్టోబర్‌లోనో మొదలుపెట్టండి. మీరే వాళ్ల దగ్గరికి వెళ్లండి.

ఒక్కోసారి మెయిళ్లకు జవాబు ఆగిపోతుంది. ‘సారీ బిజినెస్’ కావచ్చు, అంటే ఆ సమాజంలో ఎవరో పోయారు. మన ఇళ్లలో మైల రోజుల్లో ఎవరూ ఆఫీసు ఫోన్లు ఎత్తనట్టే అప్పుడు మీటింగులు, సంతకాలు అన్నీ ఆగుతాయి. ఎన్నాళ్లన్నది వాళ్లిష్టం. గడువు జరపండి, రిమైండర్లు ఆపండి. పోయినవారి పేరు, ఫొటో వాడుతున్నట్టయితే కుటుంబాన్ని అడిగేదాకా తీసేయండి. అలాగే మీ కంపెనీ సెలవుల విధానం చూడండి. చట్టప్రకారం దగ్గరి కుటుంబంలో మరణానికి ఇచ్చేది రెండు రోజులు. దగ్గరి కుటుంబం అంటే ఎవరన్నది ఆబొరిజినల్ ఇళ్లలో చాలా విశాలమైన లెక్క. ఆ నిర్వచనాన్ని విస్తరించడం, ఆచారాల కోసం విడిగా సెలవులు ఇవ్వడం ఖర్చులేని మార్పులు కావు. కానీ సిబ్బంది నిలబడేది వీటివల్లే.

6. డబ్బు: ఎవరి దగ్గర కొంటున్నారు

ర్యాప్‌లో నాకు అన్నిటికన్నా నమ్మకం ఉన్న భాగం ఇది. శిక్షణ తరగతి మర్చిపోతారు, పోస్టర్ చిరిగిపోతుంది. నెలనెలా వెళ్లే బిల్లు మాత్రం ఒక ఊళ్లో పదిమందికి పని ఇస్తుంది.

ముందుగా అకౌంట్స్ వాళ్ల దగ్గర పోయిన ఏడాది చెల్లింపుల జాబితా తీసుకోండి. ఎక్సెల్‌లో పెద్ద మొత్తం నుంచి చిన్నదానికి వరస పెట్టండి. భవనం అద్దె, క్లౌడ్ బిల్లు లాంటివి వెంటనే మారవు, పక్కన పెట్టండి. క్లీనింగ్, క్యాటరింగ్, స్టేషనరీ, ప్రింటింగ్, యూనిఫాం, భద్రతా సామగ్రి, తాత్కాలిక సిబ్బంది, ప్రయాణాల బుకింగ్, ఇవి మారేవి. వీటిలో కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో పక్క గడిలో రాయండి. మీ అసలు ర్యాప్ ఈ షీటే.

ఇక సరఫరాదారులను వెతకడం. 2009లో ఏర్పడిన సప్లై నేషన్ అనే సంస్థ దగ్గర ఫస్ట్ నేషన్స్ (అంటే మూలవాసుల) వ్యాపారాల డైరెక్టరీ ఉంది, ఎవరైనా వెతకవచ్చు. అందులో ‘రిజిస్టర్డ్’ అంటే కనీసం 50 శాతం యాజమాన్యం వాళ్లది. ‘సర్టిఫైడ్’ అంటే 51 శాతం లేదా అంతకుమించి ఉండటంతో పాటు నడిపేదీ వాళ్లే. ఈ తేడా ఎందుకంటే ‘బ్లాక్ క్లాడింగ్’ అనే మోసం ఉంది. ముందు ఒక ఆబొరిజినల్ పేరు, వెనక లాభమంతా వేరేవాళ్లకు. బినామీ కాంట్రాక్టులు చూసిన మనకు దీన్ని వివరించాల్సిన పనిలేదు. కాబట్టి సర్టిఫికెట్‌తో ఆగకుండా రెండు ప్రశ్నలు అడగండి: బ్యాంకు ఖాతా మీద సంతకం ఎవరిది, పని ఎవరు చేస్తారు.

మీ కంపెనీ కేంద్రప్రభుత్వ కాంట్రాక్టులకు టెండర్లు వేస్తుంటే ఇది ఇష్టాయిష్టాల విషయం కూడా కాదు. 2015 జులై నుంచి ఇండిజినస్ ప్రొక్యూర్‌మెంట్ పాలసీ అమల్లో ఉంది. ప్రభుత్వ కాంట్రాక్టుల విలువలో 3 శాతం మూలవాసుల వ్యాపారాలకు వెళ్లాలనే లక్ష్యం 2025 జులై నుంచి మొదలై, 2030 నాటికి 4 శాతానికి చేరేలా పెట్టారు. కొన్ని రంగాల్లో 75 లక్షల డాలర్లు దాటిన కాంట్రాక్టులకు ఉద్యోగాల్లోనో కొనుగోళ్లలోనో కనీస వాటా చూపించాలి. ఖర్చు గురించి గొణిగే ఫైనాన్స్ హెడ్‌కు ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

సరఫరాదారు దొరికాక అసలు అడ్డంకులు మీ వైపే ఉంటాయి. ఆరుగురు పనిచేసే క్యాటరింగ్ వ్యాపారాన్ని రెండు కోట్ల డాలర్ల ఇన్సూరెన్స్ చూపించమంటారు. మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడుగుతారు. చెల్లింపు 60 రోజులకు అంటారు. ఆ 60 రోజులు జీతాలు ఎక్కడినుంచి ఇవ్వాలి? ర్యాప్‌లో ‘ఫస్ట్ నేషన్స్ వ్యాపారాలను ప్రోత్సహిస్తాం’ అనే వాక్యం కొట్టేసి ఇలా రాయించండి: ‘ఫలానా మొత్తం లోపు కాంట్రాక్టులకు ఇన్సూరెన్స్ పరిమితి తగ్గిస్తాం, 14 రోజుల్లో చెల్లిస్తాం, కనీసం ఒక్క కోటేషన్ ఈ డైరెక్టరీ నుంచి తీసుకుంటాం, బాధ్యత కొనుగోళ్ల మేనేజర్‌ది, గడువు మార్చి 31.’ మొదటి ఆర్డరు చిన్నదే ఇవ్వండి, కానీ రెండో ఆర్డరు ఇవ్వండి. ఏడాదికోసారి నైడాక్ వారంలో సమోసాల బదులు వాళ్ల భోజనం తెప్పించడం వ్యాపార సంబంధం కాదు.

7. ఉద్యోగాలు

ఇక్కడ త్వరగా చెబుతాను. విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం 2009 నుంచి కెరీర్‌ట్రాకర్స్ అనే సంస్థ జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్‌లు ఏర్పాటు చేస్తోంది. ఐటీ కంపెనీలకు ఇది సులువైన దారి. ఆబొరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ అభ్యర్థులకే కేటాయించిన పోస్టులు పెట్టడానికీ చట్టంలో వీలుంది, అయితే రాష్ట్రానికో తీరు కాబట్టి లీగల్ వాళ్లకు చూపించుకోండి. ప్రకటనలో అవసరం లేని డిగ్రీ, అవసరం లేని డ్రైవింగ్ లైసెన్స్ షరతులు తీసేయండి. చేరినవాళ్లు ఎందరన్నది కాక, రెండేళ్ల తర్వాత ఎందరు మిగిలారన్నది లెక్కపెట్టండి. మీ అంతస్తులో ఎవరైనా జాతి గురించి వెకిలి జోకు వేస్తే ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఎన్ని రోజుల్లో తేలుతుంది అన్నది రాసి పెట్టకుండా రిక్రూట్‌మెంట్ మొదలుపెట్టొద్దు. జోకులు మనవాళ్లు కూడా వేస్తారు.

8. బొమ్మలు, జెండాలు, జనవరి 26

కవర్ బొమ్మకు ఆబొరిజినల్ చిత్రకారులనే అడగండి. ఎక్కడెక్కడ, ఎన్నాళ్లు వాడతారో రాసి లైసెన్సు ఫీజు కట్టండి, పేరు వేయండి. ర్యాప్ కోసం కొన్న బొమ్మను తర్వాత టీషర్టుల మీదా మగ్గుల మీదా వేయాలంటే మళ్లీ అడగాలి. స్టాక్ ఇమేజి సైట్లో దొరికిన చుక్కల డిజైన్ జోలికి పోకండి. ఇండొనేషియాలో తయారైన వస్తువులను ఆబొరిజినల్ కళ అని నమ్మించి అమ్మినందుకు బిరూబీ ఆర్ట్ అనే కంపెనీకి 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

1971లో హెరాల్డ్ థామస్ వేసిన ఆబొరిజినల్ జెండా కాపీరైట్‌ను 2022లో ప్రభుత్వం కొనేసింది, ఇప్పుడు ఎవరైనా వాడుకోవచ్చు. టోరెస్ స్ట్రెయిట్ జెండా అలా కాదు, అక్కడి రీజనల్ కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి.

జనవరి 26 మనకు గణతంత్ర దినోత్సవం, అక్కడ ‘ఆస్ట్రేలియా డే’ సెలవు, 1788లో సిడ్నీ కోవ్‌లో బ్రిటిష్ జెండా ఎగరేసిన రోజు. 1938లోనే ఆబొరిజినల్ నాయకులు దాన్ని సంతాప దినంగా పాటించారు. మన అసోసియేషన్లు ఆ రోజు మువ్వన్నెల జెండా ఎగరేసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆఫీసు తరఫున రెండు జెండాలూ కలిపి శుభాకాంక్షల ఫ్లయర్ పంపేముందు మాత్రం ఆగండి. ఆ సెలవును వేరే రోజుకు మార్చుకునే వీలు సిబ్బందికి ఇవ్వమని ర్యాప్‌లో రాయించండి. ఎన్నో కంపెనీలు ఇస్తున్నాయి.

9. ‘వద్దు’ అన్నప్పుడు ఏం చేస్తారో ఇప్పుడే రాయండి

2020 మే 24. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతం. ఇనుప ఖనిజం గని విస్తరణ కోసం రియో టింటో కంపెనీ జూకన్ జార్జ్‌లో పేలుళ్లు జరిపి రెండు రాతి గుహలను నేలమట్టం చేసింది. అక్కడ 46 వేల ఏళ్లుగా మనుషులు మసలిన ఆనవాళ్లున్నాయి. నాలుగు వేల ఏళ్ల కిందటి జడ ముక్క ఒకటి దొరికితే, దాని డీఎన్‌ఏ ఇప్పటి పూటు కుంటి కుర్రమా, పినికురా ప్రజలతో కలిసింది. ఆ కంపెనీకి ర్యాప్ ఉంది. 2013లో తీసుకున్న ప్రభుత్వ అనుమతీ ఉంది, చట్టప్రకారం అంతా సక్రమం. గుహలకు నష్టం లేకుండా తవ్వే మార్గాలు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి. దాదాపు 80 లక్షల టన్నుల ఖనిజం అదనంగా అందే మార్గాన్ని ఎంచుకున్నారు. రికన్సిలియేషన్ ఆస్ట్రేలియా వాళ్లను కార్యక్రమం నుంచి తప్పించింది. ఆ సెప్టెంబర్‌లో సీఈవోతో పాటు మరో ఇద్దరు పెద్ద అధికారుల నిష్క్రమణను కంపెనీ ప్రకటించింది.

మీరు గనుల కంపెనీ కాకపోవచ్చు. అయినా ఇందులోంచి మీ పత్రంలోకి ఎక్కించాల్సినవి ఉన్నాయి. మొదటిది, అనుమతి వచ్చాక కొత్త సంగతి బయటపడితే పని తానే ఆగే నిబంధన. జూకన్‌లో ముఖ్యమైనవి దొరికింది 2014లో, అంటే అనుమతి వచ్చిన తర్వాతే. రెండోది, అవతలివాళ్ల అభ్యంతరం సైటు మేనేజర్ దగ్గరో ప్రాజెక్టు లీడ్ దగ్గరో ఇరుక్కుపోకుండా నేరుగా పైకి వెళ్లే దారి. ఎవరికి, ఎన్ని గంటల్లో, ఫోన్‌లోనా రాతలోనా అన్నీ రాయండి. మూడోది, మాట్లాడొద్దనే షరతులు ఒప్పందాల్లోంచి తీసేయడం.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇదే సమస్య డేటా రూపంలో వస్తుంది. ఆరోగ్యశాఖకు డాష్‌బోర్డు కడుతుంటే అందులో ఆబొరిజినల్ ఊళ్ల వివరాలుంటాయి. ఎవరు చూడాలి, ఎక్కడ దాచాలి, దాన్నుంచి ఏ కథ చెప్పాలి అన్నది ఆ ప్రజలే నిర్ణయించాలనే డిమాండ్ అక్కడ బలంగా ఉంది. ప్రాజెక్టు మొదట్లోనే క్లయింటును అడగండి: ఈ డేటా వాడకానికి ఆ సమాజం నుంచి ఎవరు ఒప్పుకున్నారు? జవాబు రాకపోతే ఆ భాగం కట్టడం ఆపి, రిస్క్ రిజిస్టర్‌లో ఎక్కించండి.

10. ఏడాది తిరిగాక

ర్యాప్ ఉన్న సంస్థలన్నీ ఏటా సెప్టెంబర్ ఆఖరుకల్లా రికన్సిలియేషన్ ఆస్ట్రేలియాకు ఇంపాక్ట్ సర్వే నింపి పంపాలి. అంకెల కోసం ఆ నెలలో పరుగులు పెట్టకుండా, మూడు నెలలకోసారి ఆ ఎక్సెల్ షీటును కమిటీ ముందు పెట్టండి. చేసినవి ఎటూ వార్షిక నివేదికలో మెరుస్తాయి. చేయనివి కూడా, ఎందుకు చేయలేదో, కొత్త గడువు ఏమిటో రాసి అదే పేజీలో వేయించండి. మార్కెటింగ్ వాళ్లు ఆ వరుసలు తీసేయమంటారు. తీసేముందు మీ సలహాదారులకు ఒకసారి చూపించి, వాళ్లేమంటారో అడగండి.